పాత ఇంటికి కొత్త పునాది

గుంటూరులో ఇళ్ల యజమానులు, తాపీ మేస్త్రీలు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో పాత ఇంటిని పక్కకో పైకో పెంచేటప్పుడు పునాది సంగతి ఏమిటన్న దాని మీద ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు (కట్టడాల బలం లెక్క చూసే ఇంజినీరు) చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసి ఇస్తున్నాం.

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో మేస్త్రీలు, వెనక ఇళ్ల యజమానులు కూర్చున్నారు. ఇద్దరూ ఒకే చోట ఉండగా ఈ విషయం మాట్లాడే అవకాశం తరచుగా దొరకదు. ఇల్లు పెంచే పనిలో తేడా వచ్చిందంటే యజమాని "మేస్త్రీ ఏమీ కాదన్నాడు" అంటారు, మేస్త్రీ "ఆయనే వేయమన్నారు" అంటారు. కింద పాత పునాది ఉంది, దాని కింద నేల ఉంది. ఆ రెండింటినీ చూసినవారు ఎవరూ ఉండరు. ఈ రోజు వాటినే చూద్దాం.

మీ ఇంటి స్లాబు మీద పిల్లర్ చువ్వలు వదిలిపెట్టినవారు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైగా ఉన్నారు. ఎందుకు వదిలారు? అబ్బాయికి పెళ్లయితే పైన ఒక వాటా కావాలి, లేదా అద్దెకిస్తే నెలనెలా ఇంత చేతికొస్తుంది. మంచి ఆలోచనే. అయితే పదిహేనేళ్ల తరువాత ఆ చువ్వలు చూసి "పైన వేసుకోవచ్చు, ఏర్పాటు ఉంది కదా" అనుకుంటున్నారు. చువ్వను చూస్తే తెలిసేది ఒక్కటే, కట్టినప్పుడు మీకు పైకి వెళ్లాలన్న కోరిక ఉంది. ఆ కోరికకు తగిన పునాది కింద పడిందా లేదా అన్నది చువ్వను చూస్తే తెలియదు. పైగా ఇన్నేళ్లు ఎండకూ వానకూ నిలబడిన చువ్వ తుప్పు పట్టి సన్నబడుతుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ 11 అయిందనుకోండి. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. లెక్క వేస్తే ఉక్కులో 16 శాతం పోయింది.

ఇప్పుడు అసలు మాట చెబుతాను. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగిలినవి మీకే తడతాయి. పాత ఇల్లు దిగడం అయిపోయింది. కొత్తది ఇంకా దిగాలి. మళ్లీ చెబుతున్నాను, పాత ఇల్లు దిగడం అయిపోయింది, కొత్తది ఇంకా దిగాలి.

ఇల్లు దిగడం ఏమిటండీ అని అడుగుతారు. ప్రతి ఇల్లూ దిగుతుంది. బరువు పడితే మట్టి అణుగుతుంది. ఇసుక నేల అయితే కట్టుబడి జరుగుతుండగానే చాలావరకు దిగిపోతుంది. బంకమట్టి అయితే దానిలోని నీరు మెల్లగా పక్కకు తప్పుకోవాలి, అందుకు ఏళ్లు పడుతుంది. దిగడం వల్ల ఇంటికి ప్రమాదం లేదు, అంతా సమంగా దిగితే. మన దేశంలో పునాదులకు ఒక ప్రామాణిక నియమావళి ఉంది, ఐఎస్ 1904. విడివిడి ఫుటింగుల మీద, అంటే ఒక్కో పిల్లర్ అడుగున వేసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మల మీద, నిలబడే కాంక్రీటు ఇల్లు ఇసుక నేలలోనో గట్టి బంకనేలలోనో మొత్తం మీద 50 మిల్లీమీటర్ల వరకు దిగినా అది ఒప్పుకుంటుంది. రెండంగుళాలు! అయితే పక్కపక్క పిల్లర్ల మధ్య తేడా దగ్గర మాత్రం చాలా కచ్చితంగా ఉంటుంది. పిల్లర్ల మధ్య దూరంలో వెయ్యికి ఒకటిన్నర వంతు, అంతకు మించకూడదు. 12 అడుగుల దూరానికి అది ఎంతవుతుంది? అయిదున్నర మిల్లీమీటర్లు. రెండంగుళాలు దిగినా తట్టుకునే ఇల్లు అయిదున్నర మిల్లీమీటర్ల తేడాకు పగులుతుందన్నమాట.

పాత ఇంటికి ఆనించి కొత్త గది కట్టి, పాత పిల్లర్‌కు చువ్వలు దూర్చి, కొత్త స్లాబును దానికి కట్టేశారనుకోండి. పాతది కదలదు, కొత్తది ఇంకో రెండు మూడేళ్లు దిగుతూనే ఉంటుంది. ముసలి ఎద్దును, కోడెను ఒకే కాడికి కట్టినట్టు ఉంటుంది. ఎవరికి దెబ్బ తగులుతుంది? కాడికి. ఇంట్లో ఆ కాడి ఎక్కడుంది? పాత గోడా కొత్త గోడా కలిసే మూల దగ్గర ఉంది. ఆ మూలలో పగుళ్లు చూడని మేస్త్రీ ఈ గదిలో ఉన్నారా? ఉండరు.

అందుకే ఇల్లు పెంచాలనుకున్న రోజున నన్ను ఎవరైనా మొదట ఏం చేయాలని అడిగితే, ఒక గొయ్యి తీయండి అంటాను. పాత గోడ పక్కన మూడడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు. పాత పునాది అడుగు కనబడేదాకా తవ్వండి, అక్కడితో ఆపండి. దాని కిందికి మాత్రం వెళ్లకూడదు. ఒక మూల దగ్గర ఒకటి, గోడ మధ్యలో ఒకటి తీస్తే చాలు. జేసీబీ అక్కర్లేదు, పలుగూ పారా చాలు. గొయ్యిలోకి దిగి చూస్తే ఏం తెలుస్తుంది? పునాది ఎంత లోతు ఉంది, ఎంత వెడల్పు ఉంది. రాతి కట్టుబడి అయితే బురదతో కట్టారా, సున్నంతో కట్టారా, సిమెంటుతో కట్టారా. కింద కాంక్రీటు బెడ్డు ఉందా లేదా. నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపే ప్లింత్ బీము ఉందా. మట్టి రంగేమిటి, చేత్తో పిసికితే ముద్ద అవుతుందా, నీరు ఊరుతోందా, చెట్టు వేళ్లు కనబడుతున్నాయా. కొలతలు రాసుకోండి, ఫోనులో ఫొటోలు తీసుకోండి, అదే రోజు సాయంత్రానికి పొరలు పొరలుగా దిమ్మిసతో కొట్టి పూడ్చేయండి. రాత్రి వాన వస్తే ఆ గొయ్యే మీ గోడకు ముప్పు అవుతుంది.

కట్టినప్పటి ప్లాను దొరికితే చాలా మంచిది. అయినా గొయ్యి తీయండి. కాగితం మీద అయిదడుగుల ఫుటింగ్ గీసి కింద నాలుగడుగులు వేసిన ఇళ్లు ఉన్నాయి.

నేల సంగతి

మన గుంటూరు చుట్టుపక్కల ఏ నేలో మీకు వేరే చెప్పాలా? నల్లరేగడి. పత్తికీ మిరపకూ బంగారంలాంటి నేల. ఇంటికి మాత్రం మహా కష్టమైన నేల. ఏప్రిల్, మే నెలల్లో చేలో చూడండి, చెయ్యి పట్టేంత నెర్రెలు ఉంటాయి. ఆగస్టులో అదే చోట ఒక్క నెర్రె కనబడదు. ఎక్కడికి పోయాయి? మట్టి నీరు తాగి ఉబ్బింది, నెర్రెలు మూసుకున్నాయి. ఇందులో మాంట్‌మోరిలోనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని పొరల మధ్యలోకి నీరు చేరుతుంది, పొరలు ఎడమవుతాయి. ఆ ఉబ్బే శక్తి ఒక్క అంతస్తు ఇంటిని పైకి లేపగలదు. అవును, లేపగలదు. నల్లరేగడిలో తేలికపాటి కట్టడాలకే ఎక్కువ బాధ. ప్రహరీ గోడలు, పోర్టికోలు, బయటి మెట్లు, ఒంటి గదులు ముందుగా పగులుతాయి. మనం పాత ఇంటికి చేర్చేవి ఏమిటి? సరిగ్గా ఇవే.

మీ నేల ఎంత ఉబ్బుతుందో తేల్చడానికి ఒక చక్కని పరీక్ష ఉంది. జల్లెడ పట్టిన మట్టి పది గ్రాములు ఒక గాజు జాడీలో నీటిలో వేస్తారు, ఇంకో పది గ్రాములు ఇంకో జాడీలో కిరసనాయిలులో వేస్తారు. ఒక రోజు వదిలేస్తారు. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు, నీటిలో ఉబ్బుతుంది. రెండింటి తేడా 50 శాతం దాటితే చాలా ఎక్కువగా ఉబ్బే నేల అని అర్థం. మట్టి పరీక్షలు చేసే ఏ ప్రయోగశాలలోనైనా చేస్తారు. ఇంత తేలికైన పరీక్ష చేయించకుండా లక్షలు పోసి గది కట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దయచేసి శ్రద్ధగా వినండి. పాత ఇంటి కింద నేలా, ఇంటి బయటి నేలా ఒకటేనా? మట్టి ఒకటే, తడి వేరు. ఇరవై ఏళ్లుగా ఇల్లు గొడుగు పట్టినట్టు పైన ఉంది. ఇంటి నడుమ కింద ఉన్న మట్టికి ఎండ తెలియదు, వాన తెలియదు, దాని తడి ఒక స్థితికి వచ్చి స్థిరపడింది. ఇంటి బయట నాలుగడుగుల దూరంలో ఉన్న మట్టి ప్రతి వేసవికీ కుంచించుకుని ప్రతి వానాకాలానికీ ఉబ్బుతోంది. మీరు కొత్త గది వేసేది ఎక్కడ? ఆ బయటి మట్టి మీద. కొత్త గది పైకీ కిందికీ ఆడుతుంది, పాత ఇల్లు ఆడదు. పైగా పాత గోడను ఆనుకుని ఉన్న రెండు మూడడుగుల మట్టి అసలు నేలే కాదు. అప్పట్లో పునాది గొయ్యి తవ్వి, కట్టాక తిరిగి పూడ్చిన మట్టి. ఎవరూ దిమ్మిసతో కొట్టలేదు, ఇటుక ముక్కలు, సిమెంటు సంచులు అందులోనే పడేశారు. దాని మీద ఫుటింగ్ వేస్తే దిగక ఏం చేస్తుంది? అందుకే కొత్త ఫుటింగ్ ఆ పూడిక దాటి ఎప్పుడూ కదలని అసలు నేలను అందుకోవాలి. పెరట్లో పాత సెప్టిక్ ట్యాంకు, పూడ్చిన నుయ్యి, చెత్త గుంత ఎక్కడుండేవో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఏ పరీక్షలోనూ తేలనివి మీ అమ్మగారికి గుర్తుంటాయి.

నల్లరేగడిలో దారేమిటి? లోతైన రేగడిలో తడి మారుతూ ఉండే లోతు సుమారు మూడున్నర మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు. నాలుగడుగుల ఫుటింగ్ ఆ ఆడే మట్టి నడుమనే కూర్చుంటుంది. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ దీని కోసం అండర్‌రీమ్డ్ పైల్ అనే పద్ధతిని అభివృద్ధి చేసింది, అంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండి నేలలోకి లోతుగా దిగే కాంక్రీటు స్తంభం. నేలను తొలిచే ఆగర్‌తో సన్నని గుంత లోతుగా వేస్తారు, అడుగున ప్రత్యేకమైన పనిముట్టుతో గుంతను వెడల్పు చేస్తారు. ఆ ఉబ్బెత్తు భాగం కాడ కంటే రెండున్నర రెట్లు ఉంటుంది. ఆడని లోతులో ఆ ఉబ్బు పట్టుకుని ఉంటుంది, పై మట్టి ఎంత లేపినా పైల్ లేవదు. మేస్త్రీలూ, దీనిలో ఒక్క చోట తప్పు జరుగుతోంది. పైల్స్ మీద వేసే బీమును నేరుగా నల్లమట్టి మీద పోసేస్తున్నారు. బీముకూ నేలకూ మధ్య కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. మట్టి ఉబ్బినప్పుడు ఆ ఖాళీలోకి రావాలి. ఖాళీ లేకపోతే మట్టి బీమునే లేపుతుంది, పైల్స్‌కు పెట్టిన ఖర్చంతా వృథా.

హైదరాబాద్‌లో ఇల్లున్నవారు కొందరు ఇక్కడ ఉన్నారు. మీకు మొరం, కింద బండ. నేల భరించే శక్తి బాగానే ఉంటుంది. మీ కష్టం వేరు. ఒక మూల బండ మూడడుగులకే తగులుతుంది, ఇంకో మూల పదడుగుల దాకా పోసిన మట్టి ఉంటుంది. బండ మీది పిల్లర్ దిగదు, మట్టి మీదిది దిగుతుంది. ఆ మూలకు కూడా ఫుటింగ్‌ను బండ దాకా తీసుకెళ్లండి. విజయవాడ వైపు వారికి కృష్ణ ఒండ్రు, బంక పొరలు, పైపైనే నీరు. అక్కడ బోరు వేసి మట్టి పరీక్ష చేయించకుండా ఎవరు ఏం చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే.

పక్కన కట్టేటప్పుడు

పక్కన గది కోసం గొయ్యి తీస్తున్నారు. పాత పునాది మూడడుగుల లోతులో ఉంది. కొత్తది అయిదడుగులు పోవాలి. జేసీబీ వచ్చింది, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా పాత గోడ పొడవునా అయిదడుగుల కందకం తీసి వెళ్లిపోయింది. పని త్వరగా అయిందని అందరికీ సంతోషం. ఇప్పుడు ఆ పాత గోడ దేని మీద నిలబడి ఉంది? దాని కింది మట్టికి ఇన్నాళ్లూ పక్క మట్టి ఆసరా ఉండేది. ఆ ఆసరాను మనమే తీసేశాం. బురదతో కట్టిన రాతి పునాది అయితే రాళ్లు ఒక్కొక్కటే కందకంలోకి జారతాయి. రాత్రి వాన కురిస్తే తెల్లారేసరికి గోడ ఉంటుందని ఎవరు చెప్పగలరు?

2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి దగ్గర సిద్దిఖ్‌నగర్‌లో జరిగింది మీరు టీవీల్లో చూసే ఉంటారు. పక్క స్థలంలో పునాది కోసం గొయ్యి తవ్విన తరువాత, చిన్న స్థలంలో కట్టిన బహుళ అంతస్తుల ఇల్లు పక్కకు ఒరిగింది. లోపల ఉన్నవారు బయటికి పరుగెత్తారు. చివరికి ఆ ఇంటిని కూల్చవలసి వచ్చింది. ఆ గొయ్యి వాళ్ల ఇంటి కోసం తీసింది కూడా కాదు. పక్కవాళ్ల పునాది మీకూ సంబంధించినదే, మీ పునాది పక్కవాళ్లకూ సంబంధించినదే.

ఐఎస్ 1904 దీనికి ఒక వాలు చెబుతుంది, నిలువు ఒకటికి అడ్డం రెండు. అంటే కొత్త పునాది పాతదాని కంటే రెండడుగులు లోతుగా పోవాలంటే, దాని అంచు పాత పునాది అంచుకు కనీసం నాలుగడుగుల దూరంలో ఉండాలి. బంకమట్టిలో ఆ వాలు కొలిచే తీరు కొంచెం వేరుగా ఉంటుంది. అంత దూరం లేకపోతే? లోతు తగ్గించి పాత పునాది మట్టానికే ఆగాలి. అదీ కుదరకపోతే ముక్కలు ముక్కలుగా తవ్వాలి. గోడ పొడవులో మూడు నాలుగడుగుల ముక్క ఒకటి తీయండి, పక్కన రెండు ముక్కలు వదిలేయండి, తరువాత ఇంకొకటి తీయండి. తీసిన ముక్కలో పాత పునాది కింద కాంక్రీటు వేయండి. అది గట్టిపడ్డాక పైన మిగిలిన సందులో దాదాపు పొడిగా కలిపిన సిమెంటు ఇసుకను కూరి కూరి బిగించండి. ఆ తరువాతే పక్క ముక్క ముట్టుకోవాలి. నెల పడుతుందంటే పట్టనివ్వండి. ఇది ఇంజినీరు పక్కన నిలబడి చేయించవలసిన పని.

ఇంకో చిక్కు ఉంది. కొత్త పిల్లర్ పాత గోడను ఆనుకునే రావాలంటారు. దాని ఫుటింగ్ ఎక్కడికి పోతుంది? పాత ఫుటింగ్ మీదికి పోతుంది. అప్పుడు కొందరు పాత ఫుటింగ్ అంచు పగలగొట్టి కొత్తదానికి చోటు చేస్తారు. అమ్మా, అయ్యా, అది ఎప్పటికీ చేయనివ్వకండి. ఇంకొందరు కొత్త ఫుటింగ్‌ను ఒక పక్కకు జరిపి, పిల్లర్‌ను దాని అంచున నిలబెడతారు. బరువు అంచు మీద పడితే ఫుటింగ్ ఒరుగుతుంది. మంచి దారి ఏమిటంటే, పిల్లర్‌ను పాత గోడ నుంచి నాలుగైదు అడుగులు కొత్త గది వైపు జరపండి. అక్కడి నుంచి బీమును పాత గోడ వైపు చాచండి, కొత్త గోడ ఆ చాచిన బీము మీద నిలబడుతుంది. లేదా అంచున ఉన్న కొత్త ఫుటింగ్‌ను, దాని లోపలి వైపు ఉన్న ఇంకో కొత్త ఫుటింగ్‌ను స్ట్రాప్ బీముతో, అంటే రెండింటినీ పట్టి ఉంచే బీముతో, కలపండి. దూరం పెరిగితే ఇంకో మేలు ఉంది. కొత్త బరువు పాత ఫుటింగ్ కింది మట్టి మీద పడదు. దగ్గరగా వేస్తే ఎప్పుడో దిగడం ఆగిపోయిన పాత ఇల్లు ఆ వైపు మళ్లీ దిగడం మొదలుపెడుతుంది. కొత్త గది బాగానే ఉంది, పాత గదిలో పగుళ్లు వచ్చాయేమిటని ఆశ్చర్యపోతారు.

ఇక రెండూ కలిసే చోట ఏం చేయాలి? ఏమీ కలపకూడదు. పునాది నుంచి స్లాబు దాకా అంగుళం సందు వదలండి. అందులో తారు పూసిన ఫిల్లర్ బోర్డు పెట్టండి, బయటి ముఖాన సాగే సీలెంటు, పైన నీరు దిగకుండా రేకు మూత. నేల మీద టైల్స్ కూడా ఆ గీత దగ్గర ఆగాలి. ఇది చెబితే ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. "హాల్లో గోడ మీద గీత కనబడుతుంది కదండీ" అంటారు. కనబడుతుంది. దాని మీద చెక్క పట్టీ వేసుకోవచ్చు. కలిపేస్తే వచ్చే పగులు మీద ఏ పట్టీ వేస్తారు? అది నిటారుగా రాదు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకుతుంది, ప్రతి సంవత్సరం సిమెంటు పూసినా మళ్లీ తెరుచుకుంటుంది. ఒంగోలులో 1967 మార్చిలో భూకంపం వచ్చిందని పెద్దవారికి గుర్తుండవచ్చు. భూమి కదిలినప్పుడు పాత కట్టడం ఒక తీరుగా, కొత్తది ఇంకో తీరుగా ఊగుతాయి. ఆ సందు అప్పుడూ అవసరమే, ఎత్తు పెరిగేకొద్దీ దాని వెడల్పు కూడా పెరగాలి.

వీలైతే కొత్త గదిని ఒక వానాకాలం దాటనివ్వండి, ఆ తరువాతే పాలరాయి, రంగులు పెట్టుకోండి. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని తొందరపడేవారికి ఈ మాట నచ్చదని తెలుసు. అయినా చెబుతున్నాను.

పైకి లేపేటప్పుడు

పై అంతస్తు ఎంత బరువుంటుంది? ఎవరైనా చెప్పగలరా? మేస్త్రీగారూ, మీరు చెప్పండి. అయిదు టన్నులా, ఒక్కో పిల్లర్ మీద? లెక్క వేద్దాం, అందరూ నాతోపాటు వేయండి. పిల్లర్లు అటూ ఇటూ 12 అడుగుల దూరంలో ఉన్నాయి. ఇంటి మధ్య పిల్లర్ తీసుకుందాం, దాని వాటాకు 13 చదరపు మీటర్ల స్లాబు వస్తుంది. అయిదంగుళాల స్లాబు చదరపు మీటరుకు 310 కిలోలు. పైన టైల్స్, కింద మాలు కలిపి 100. మనుషులూ సామానూ 200. మొత్తం 610 కిలోలు, పదమూడుతో హెచ్చవేస్తే ఎనిమిది టన్నులు. నాలుగున్నర అంగుళాల గోడలు ఆ పిల్లర్ వాటాకు ఏడు మీటర్ల పొడవు వస్తాయి, అవి అయిదున్నర టన్నులు. బీములు, పిల్లర్ కలిపి ఇంకో టన్నున్నర. కూడండి. 15 టన్నులు. ఒక్క అంతస్తుకు, ఒక్క పిల్లర్ మీద.

ఇప్పుడు కిందికి రండి. ఫుటింగ్ అయిదడుగుల చదరం, అంటే రెండుంబావు చదరపు మీటర్లు. నేల చదరపు మీటరుకు 15 టన్నులు భరిస్తుందని పరీక్షలో తేలింది. ఆ ఫుటింగ్ 34 టన్నులు మోయగలదు. కింది అంతస్తు 15, ప్లింత్ బీము, ఫుటింగ్ వగైరా ఇంకో మూడు, 18 అయింది. పైన ఒక అంతస్తు వేస్తే 33. సరిపోయింది, అంచుల దాకా. రెండో అంతస్తు వేస్తే 48. కుదరదు. అదే ఫుటింగ్‌ను చదరపు మీటరుకు పది టన్నులే మోసే నేల మీద పెట్టండి. మొత్తం ఇరవై రెండున్నరే. మొదటి అంతస్తుకే చాలదు. మన నల్లరేగడిలో పది కంటే తక్కువ రావడం మామూలే. ఇళ్లు రెండూ ఒకేలా కనబడతాయి, పక్క ఊళ్లో మీ తోడల్లుడు పైన అంతస్తు వేశాడు, మీరు వేయలేరు.

లెక్క చాలకపోతే వెంటనే ఆశ వదులుకోవలసిన పని లేదు. పైన బరువు తగ్గించవచ్చు. మామూలు ఇటుక ఘనమీటరుకు 1900 కిలోల దాకా ఉంటుంది, లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ బ్లాకులు దానిలో మూడో వంతు. స్లాబు మానేసి ఉక్కు ఫ్రేము, పైన రేకులు వేస్తే ఇంకా తగ్గుతుంది, అద్దె వాటాకు అది చాలు. ఫుటింగ్‌ను పెంచవచ్చు కూడా. చుట్టూ తవ్వి, పాత కాంక్రీటు ముఖాన్ని చెక్కి, రంధ్రాలు వేసి చువ్వలు నాటి, చుట్టూ కొత్త కాంక్రీటు పోసి, పిల్లర్‌కు కూడా తొడుగు వేస్తారు. దీనిలో ఒక కీలకం ఉంది. ఇప్పటికే ఉన్న 18 టన్నులు పాత ఫుటింగ్ మీదే ఉంటాయి. కొత్తగా పోసిన అంచుకు ఆ బరువులో వాటా రాదు, పైన కొత్త బరువు పడ్డాకే అది పనిలోకి వస్తుంది. కాబట్టి పాత భాగం అప్పటికే దాని హద్దులో ఉంటే, చుట్టూ ఎంత పోసినా అది నిబ్బరంగా ఉందని అనుకోకూడదు. జాకీలతో బరువు ఎత్తిపట్టి చేసే పద్ధతులు ఉన్నాయి, అవి అనుభవజ్ఞులైనవారు చేయవలసినవి. మరో దారి, పాత ఇంటికి సంబంధం లేకుండా బయట నుంచి కొత్త పిల్లర్లు లేపి పై అంతస్తును వాటి మీదే నిలబెట్టడం.

2025 మార్చిలో భద్రాచలంలో, పాత కట్టడం మీద అంతస్తులు పెంచుతూ కడుతున్న భవనం కుప్పకూలింది. పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని పనికి వచ్చినవారు వాళ్లు. ఈ గదిలో ఉన్న మేస్త్రీలకు ప్రత్యేకంగా చెబుతున్నాను, లెక్క చూపించనిదే పైకి ఎక్కనని చెప్పే హక్కు మీకు ఉంది.

పిల్లర్లు లేని పాత ఇళ్లవారు ఒక్క మాట వినండి. మీ గోడలే పిల్లర్లు. హాలు పెద్దది చేద్దామని మధ్య గోడ తీయిస్తున్నారు. ఆ గోడ మోస్తున్న బరువు ఎక్కడికి పోతుంది? కొత్తగా పెట్టిన బీములోకి, అక్కడి నుంచి బీము రెండు కొసల కిందికి. పన్నెండడుగుల పొడవునా పరుచుకున్న పది టన్నులు ఇప్పుడు రెండు చోట్ల అయిదేసి టన్నులుగా దిగుతాయి. ఆ రెండు చోట్ల కింద పునాది అందుకు తగినట్టు ఉందా? చాలాసార్లు ఉండదు. బీము కొసల కింద కొత్త ఫుటింగులు వేయాలి. గోడ తీయకముందే వేయాలి.

ప్రశ్నలకు వద్దాం. పగులు ప్రమాదమో కాదో ఎలా తెలుస్తుందని ఒకరు చీటీ పంపారు. పగులు మీద అడ్డంగా సన్నని గాజు ముక్క పెట్టి రెండు కొసలా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాయండి. గాజు పగిలితే పగులు ఇంకా కదులుతోంది. వేసవిలో తెరుచుకుని వానాకాలంలో మూసుకుంటే నల్లరేగడి ఆట, ఏడాది పొడవునా పెరుగుతూనే ఉంటే పునాది దిగుతోంది. పగులు పైన వెడల్పుగా ఉంటే గోడ కొస దిగుతున్నట్టు, కింద వెడల్పుగా ఉంటే గోడ మధ్య దిగుతున్నట్టు. కనీసం ఒక ఏడాది చూడండి, ఆ తరువాతే మరమ్మతు.

ఇంటి పక్కన వేపచెట్టు కొట్టేయాలా అని అమ్మగారు అడుగుతున్నారు. ఉన్నపళంగా కొట్టకండి అమ్మా. ఇన్నేళ్లుగా ఆ చెట్టు నల్లమట్టిలో నీరు పీలుస్తోంది. చెట్టు పోతే ఆ నీరు మట్టిలోనే నిలిచి మట్టి ఉబ్బుతుంది, ఇల్లు లేస్తుంది. కొత్త గదినే చెట్టుకు దూరంగా జరపండి. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున సిమెంటు చప్టా వేసి బయటికి వాలు పెట్టండి. కొత్త స్లాబు నీటి గొట్టాన్ని పాతా కొత్తా కలిసే మూలలో దించకండి, ఇది చాలా ఇళ్లలో చూస్తున్నాను.

చివరి ప్రశ్న, బయటి మెట్లు. అద్దె వాటాకు వేరే దారి కావాలి కదా, అందరూ అడిగేదే. మెట్ల కింద రెండడుగుల లోతులో నాలుగు రాళ్లు పేర్చి, పై కొసను పాత స్లాబుకు చువ్వలతో కట్టేస్తున్నారు. మెట్లు దిగుతాయి, దిగుతూ స్లాబు అంచును లాగుతాయి, అక్కడ సన్‌షేడ్ దగ్గర పగులు మొదలవుతుంది. మెట్లకు కూడా ఇంటి పునాది లోతుకే వెళ్లండి, లేదా అండర్‌రీమ్డ్ పైల్స్ వేయండి. పై కొసను పాత స్లాబుకు కట్టకుండా దానికి సొంత పిల్లర్లు ఇవ్వండి, ల్యాండింగుకూ స్లాబుకూ మధ్య అంగుళం సందు వదిలి పైన రేకు వేయండి. గొయ్యి కొలతలు, ఫొటోలు తెచ్చుకున్నవారు ఇక్కడే ఉండండి, బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చూద్దాం.